కాటా బాబాయి, స్పెషల్ ఫ్లోరు

మా బాబాయి తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా పని చేశాడు. రిటైరై ఆరేళ్లయినా ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవరు. కాటా బాబాయి అంటారు. నాకైతే మా నాన్న సొంత తమ్ముడు కాబట్టి బాబాయి. కిరాణా కొట్టువాళ్లకీ, పెట్రోలు బంకు వాళ్లకీ ఎలా బాబాయయ్యాడో నాకు తెలియదు. ప్రేమతో మాత్రం కాదు. ఆయన స్కూటరు వీధి మలుపు తిరిగిందంటే చాలు, కొట్టువాళ్లు ఒకసారి వంగి తక్కెడ కింద ఏముందో చూసుకునేవాళ్లు.

ఉద్యోగంలో ఆయనది ఒకటే పద్ధతి. తను వెళ్తే అందరూ సరిగ్గానే తూస్తారు కాబట్టి తను వెళ్లడు. ముక్కూ మొహం తెలియని మనిషిని పంపి కిలో చక్కెర కొనిపించి, వీధి చివర జీపులో కూర్చుని దాన్ని మళ్లీ తూచేవాడు. ఆఫీసు కాగితాల్లో దాని పేరు పరీక్ష కొనుగోలు. పిన్ని మాత్రం దొంగ బేరం అనేది.

రిటైరయ్యాక తూచడానికి కొట్లు లేక ఇంటి మీద పడ్డాడు. గ్యాసు సిలిండరు తూచాడు, పాలు కొలిచాడు. ఒకసారి కొత్త సబ్బు విప్పి తూస్తే పైన అచ్చేసిన దానికి రెండు గ్రాములు తక్కువొచ్చిందట, కంపెనీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు.

"ఎండకి ఆరిపోయి ఉంటుంది లెండి" అంది పిన్ని.

"నువ్విలా వెనకేసుకు రాబట్టే వాళ్లలా తయారయ్యారు" అన్నాడు బాబాయి. ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. రాకపోవడం కూడా ఆయన లెక్కలో ఒక సాక్ష్యమే.

వినడానికి ఇవన్నీ నవ్వులాటగానే ఉంటాయి, నేనూ నవ్వేదాన్ని. నాలుగేళ్ల కింద నవ్వడం మానేశాను. పిన్ని కుడికంటికి పక్క నుంచి నల్లటి తెర దిగుతున్నట్టుందంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. కంటి లోపలి పొర ఊడి వస్తోంది, రేపటిలోగా ఆపరేషన్ చేయాలన్నాడాయన. బాబాయి బయటికొచ్చి, "రేపటిలోగా అన్నప్పుడే తెలియట్లేదూ? తొందరపెట్టేవాడెప్పుడూ తక్కువే తూస్తాడు" అన్నాడు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయనా అదే మాట అంటే, ఇద్దరూ ఒకే గూటి పక్షులన్నాడు. మూడో ఆయన అపాయింట్‌మెంటు దొరికేసరికి పదకొండు రోజులైంది. ఆయన టార్చి వేసి చూసి, ఇప్పుడు చేసేదేమీ లేదన్నాడు. ఆ కన్ను అలా పోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పిన్ని అసలు ఎత్తలేదు. నాకు మాత్రం ఆయన మీద కోపం పోలేదు, పోయినట్టు నటించనూ లేదు.

మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో పిన్ని నాకు ఫోన్ చేసింది. "గోడ మీద సాలెగూళ్లు కనబడుతున్నాయే. దులిపితే పోవడం లేదు" అంది. నేను బస్సు రిజర్వేషన్ కౌంటర్లో పని చేస్తాను. కిటికీ అవతల క్యూలో ఉన్నవాళ్లని ఆపి, ముందు మా ముగ్గురికీ ఆ సాయంత్రం బస్సుకే టికెట్లు కొట్టాను. పెద్ద కంటి ఆస్పత్రి మా ఊరికి ఎనిమిది గంటల దూరం. బాబాయి టికెట్టు అటూ ఇటూ తిప్పి, "ముందు ఇక్కడే ఇంకెవరికైనా చూపిస్తే..." అని మొదలుపెట్టాడు.

"చూపించడానికి మీకు మూడో కన్ను దొరుకుతుందేమో చూడండి బాబాయ్" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఆయన టికెట్టు జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

ఆపరేషన్ మర్నాడే చేశారు. కంట్లో గ్యాసు బుడగ పెట్టారు. అది పైకి తేలి పొరని అదిమి పెడుతుందట, కాబట్టి మనిషి పది రోజుల పాటు తల కిందికి వంచుకునే ఉండాలి. కూర్చున్నా పడుకున్నా మొహం నేలవైపే. రెండు గంటలకోసారి చుక్కలు వేయాలి. డాక్టరమ్మ చివర్లో వేలు చూపించి మరీ చెప్పింది: "కంట్లో పోటు, కడుపులో తిప్పడం ఉంటే గంట కూడా ఆగొద్దు. లోపల ఒత్తిడి పెరిగిందంటే ఉన్న ఆ ఒక్క చూపూ పోతుంది."

అందుకే ఆస్పత్రి ఎదురుగా ఉన్న హోటల్లో దిగాం. అక్కడ సగం మంది కంటికి కట్టుతో తిరిగేవాళ్లే. కౌంటర్లో మనిషి రెండు రేట్లు చెప్పాడు. రెండో అంతస్తులో మామూలు గదులు. నాలుగో అంతస్తుది స్పెషల్ ఫ్లోరు, దాని బోర్డు మీద కాన్సియర్జ్ అని రాసి ఉంది. బాబాయి దాన్ని మూడుసార్లు కూడబలుక్కుని చదివి, "నోరు తిరగని పేరు పెట్టారంటేనే చెయ్యి తిరిగినవాళ్లని అర్థం" అన్నాడు. రేటు దాదాపు రెట్టింపు. దానికి బదులుగా మొహం పెట్టుకోవడానికి మధ్యలో ఖాళీ ఉన్న కుర్చీ ఇస్తారు, వేళకి చుక్కలు వేస్తారు, ఆస్పత్రికి చక్రాల కుర్చీలో తీసుకెళ్లి తీసుకొస్తారు, మందులు తెచ్చిపెడతారు. మనం అడగక్కర్లేదట, వాళ్లే చూసుకుంటారట.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లు అడక్కుండానే అన్నీ పెడతామంటున్నారు. అనుమానించక ఏం చేయమంటావే?" అన్నాడు నాతో. ఆ తర్వాత కౌంటర్ మనిషిని, "ఆ కుర్చీ ఒక్కటీ విడిగా అద్దెకిస్తారా?" అని అడిగాడు.

"విడిగా కుదరదు సార్."

"చూశావా? బియ్యంతో పాటు గోనెసంచీ తూస్తున్నారు."

మొదటి రోజు మామూలు గదిలోనే దిండ్లు పేర్చి సర్దుకున్నాం. దిండ్లు కుంగిపోయేవి. పిన్నికి ఊపిరాడేది కాదు, మొహం ఎత్తేది, నేను మళ్లీ వంచేదాన్ని. తెల్లారేసరికి ఆమె మెడ కొయ్యబారిపోయింది. బాబాయి ఆ మెడని చూసి కిందికెళ్లి, రెండు రోజులకి స్పెషల్ ఫ్లోరు తీసుకుని వచ్చాడు. "రేపు సాయంత్రం ఐదింటికల్లా ఉంటామో దిగిపోతామో చెప్పాలి. ఈలోపు వీళ్ల బండారం బయటపడుతుంది" అన్నాడు.

నాలుగో అంతస్తులో లిఫ్టు ఎదురుగా ఒక బల్ల, దాని వెనక యాభై ఏళ్లావిడ ఉండేది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుని, వాచీ మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది. మేం ఆవిడకి డెస్కావిడ అని పేరు పెట్టాం. ఆవిడ నడిస్తే చప్పుడయ్యేది కాదు, బాబాయికి అదీ నచ్చలేదు. పిన్ని కుర్చీలో బోర్లా వాలి ఉంటే మేమిద్దరం ఆమె జడతో మాట్లాడేవాళ్లం. డెస్కావిడ మాత్రం కార్పెట్ మీద మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, కింది నుంచి పిన్ని మొహం చూస్తూ అడిగేది: "అమ్మగారూ, నొప్పి ఎలా ఉంది?"

పిన్ని పర్లేదమ్మా అనేది. ఆవిడ దాన్ని టైముతో సహా ఒక కాగితం మీద రాసుకునేది.

బాబాయి పరీక్షలు ఆ పూటే మొదలయ్యాయి. ఆవిడతో చుక్కల మందు తెప్పించి, బిల్లు జేబులో పెట్టుకుని రెండు మందుల షాపులు తిరిగి వచ్చాడు. పైసా తేడా లేదు. పెట్టె జిప్పులో సన్నటి కాగితం ముక్క దోపి టీకి వెళ్లి వచ్చాడు. కాగితం దోపినచోటే ఉంది. మధ్యాహ్నం నన్ను రోడ్డు మీదకి పంపి, ఎవరో ముక్కూ మొహం తెలియనిదానిలా ఫోన్ చేయించాడు. కంటి ఆపరేషన్ అయినావిడ ఏ గదిలో ఉందని నేను అడిగాను, సిగ్గు లేకుండా గొంతు మార్చి మరీ అడిగాను.

"చెప్పకూడదండీ. మీ పేరు చెబితే వాళ్లనడిగి నేనే ఫోన్ చేస్తాను" అంది డెస్కావిడ.

నేను పైకొచ్చేసరికి బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పెట్టి ఉంది. "ఎండలో నిలబడి మాట్లాడారు, తాగండి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇదంతా చెబితే బాబాయి సంతోషించాలి కదా. ఆయన మొహం ఇంకా ముడుచుకుంది. "తక్కెడ ముల్లు ఇంత సూటిగా నిలబడిందంటే కింద ఏదో ఉంది. అలాంటి కాటానే మొదట విప్పి చూడాలి" అన్నాడు. రాత్రంతా ఆలోచించి పొద్దునకి విప్పేశాడు కూడా. "రెండు గంటలకోసారి నొప్పి నొప్పి అని ఎందుకడుగుతోంది? మనచేత ఉందనిపించడానికి. ఉందంటే ఎదురుగా ఆస్పత్రికి తోస్తుంది. వాళ్లు పరీక్షలు రాస్తారు. వచ్చింది ఇద్దరూ పంచుకుంటారు."

అనుమానం పెనుభూతం అని నాకూ తెలుసు. కానీ నిజం చెప్పాలి. ఆస్పత్రి గేటు దగ్గర వార్డు మనిషి డెస్కావిడని అక్కా అని పలకరించడం నేనూ చూశాను, నాకూ మనసులో ఒక మూల ముల్లు గుచ్చుకుంది. అందుకే, "ఆవిడ ఎన్నిసార్లడిగినా పర్లేదనే చెప్పు, తెలిసిందా?" అని బాబాయి పిన్నితో అంటుంటే నేను అడ్డు చెప్పలేదు. పిన్ని తొమ్మిదింటికి పర్లేదంది, పదకొండింటికి పర్లేదంది, ఒంటిగంటకీ అదే అంది. మూడుసార్లూ బాబాయి చేతులు కట్టుకుని ఆ పక్కనే నిలబడి ఉన్నాడు.

రెండున్నరకి ఆయన నన్ను దగ్గరికి రమ్మని, గొంతు తగ్గించి, పిన్ని జడ వైపు వంగాడు. "ఐదింటికి చెప్పాలి. ఇక ఒక్కటే పరీక్ష మిగిలింది. ఇప్పుడావిడ వచ్చి అడిగితే భరించలేనంత నొప్పిగా ఉందని చెప్పు. ఏం చేస్తుందో, ఎటు తోస్తుందో, దానికి ఎంత వేస్తుందో చూద్దాం. సగం దూరం వెళ్లనిచ్చి నేను ఆపుతాను."

"నొప్పితో కూడానా బాబాయ్ దొంగ బేరం? తలకాయ ఉండే మాట్లాడుతున్నారా?" అన్నాను.

కుర్చీ లోంచి పిన్ని గొంతు వచ్చింది. "సరేనండీ. చెబుతాను."

నాకు ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్లలో ఆయన పరీక్షలకి పిన్ని ఒక్కసారీ చెయ్యి కలపలేదు. విసిగిపోయి ఒప్పుకుందేమో అనుకున్నాను.

మూడింటికి డెస్కావిడ వచ్చి ఎప్పటిలాగే మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మగారూ, నొప్పి ఎలా ఉంది?"

"చాలా ఉందమ్మా. కంట్లో పోటు, తలంతా బద్దలైపోతోంది. కడుపులో తిప్పుతోంది" అంది పిన్ని.

బాబాయి నా వైపు కనుబొమలెగరేశాడు. కడుపులో తిప్పడం ఆయన నేర్పలేదు, ఆమే కలిపింది. ఫర్వాలేదే, మా పిన్నిలో మంచి నటి ఉంది అనుకున్నాను నేను కూడా.

"ఎప్పటి నుంచి?"

"పొద్దున తొమ్మిది నుంచి."

డెస్కావిడ ఈసారి ఏమీ రాసుకోలేదు. ఫోన్‌లో రెండే మాటలు మాట్లాడింది. చక్రాల కుర్చీ వచ్చింది, ఒళ్లో దిండు, దిండు మీద పిన్ని నుదురు. లిఫ్టు తలుపు అప్పటికే తెరిచి పట్టుకుని ఉన్నారు. బాబాయి వాచీ చూసుకుంటూ వెనక నడిచి, చక్రాలు లిఫ్టు గడప దాటుతుండగా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి, ఆగండి. నొప్పీ లేదు ఏమీ లేదు. నేనే అలా చెప్పమన్నాను. ఇది ఊరికే పరీక్ష."

డెస్కావిడ ఆయన్ని ఒకసారి చూసింది. జవాబు మాత్రం ఆయన్నడగలేదు. లిఫ్టులోనే వంగి పిన్నిని అడిగింది. "అమ్మగారూ, మీరు చెప్పండి. నొప్పి ఉందా, లేదా?"

"ఉంది."

"ఇక చాల్లే, ఆపెయ్యవే" అన్నాడు బాబాయి.

"ఉందమ్మా. ఆయన మాట వినకు. తీసుకెళ్లు" అంది పిన్ని.

లిఫ్టు తలుపు మూసుకుంది. బాబాయి నా వైపు తిరిగి, "ఇదేంటే, ఇంకా నటిస్తోందా?" అన్నాడు. నేను అప్పటికే మెట్ల మీద పరిగెడుతున్నాను.

కంటి లోపల ఒత్తిడి ఇరవై దాటకూడదట, నలభై ఆరు ఉంది. మేం చేరేసరికే డాక్టరమ్మ సూదితో కొంత గ్యాసు బయటికి తీసి చుక్కలు వేస్తోంది. డెస్కావిడ రాసిన కాగితం ఆమె బల్ల మీద ఉంది. దాన్ని వేలితో కొడుతూ, "ఇందులో పొద్దున్నుంచీ పర్లేదు, పర్లేదు అనే ఉంది. తొమ్మిది నుంచి నొప్పి ఉంటే ఇలా ఎందుకు చెప్పారు?" అని కసిరింది. బాబాయి ఆ కాగితం మీద వేసిన టైములు ఒక్కొక్కటే చదివాడు.

గంట తర్వాత ఒత్తిడి ఇరవై రెండుకి దిగింది. డాక్టరమ్మ పిన్ని కంటి ముందు చెయ్యి ఊపితే, కదులుతోందని పిన్ని చెప్పింది. గ్యాసు కరిగేదాకా అంతకంటే కనబడదు, అది కనబడితే చాలంది డాక్టరమ్మ. వెళ్తూ వెళ్తూ బాబాయి ముందు ఆగి, "సాయంత్రం తీసుకొచ్చుంటే మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపమొచ్చింది, నా మీద అంతకంటే ఎక్కువొచ్చింది. పొద్దున్నుంచీ నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఆ జడతోనే మాట్లాడాను.

బాబాయి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పిన్ని బోర్లా పడుకుని ఉంది. "నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెబితే ముందు మీరు తూచాలి కదండీ" అంది పిన్ని. గొంతులో కోపం లేదు, రోజూ కూర ఏం వండాలో మాట్లాడేటంత మామూలుగా అంది. "పర్లేదని చెప్పమన్నారు, చెప్పాను. రెండున్నరకి నొప్పుందని చెప్పమన్నారు. హమ్మయ్య, ఇప్పుడైతే నిజం చెప్పొచ్చనుకున్నాను."

ఆయన స్టూలు మీంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. నేను నీళ్లిస్తే గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

నాలుగున్నరకి అదే చక్రాల కుర్చీలో పిన్నిని గదికి తెచ్చారు. దారిలో బాబాయి డెస్కావిడని, "దీనికి విడిగా ఎంత?" అని అడిగాడు. అలవాటు ఎక్కడికి పోతుంది. రూము రేటులోనే ఉంది సార్ అందావిడ. ఆయన తలూపాడు, నమ్మాడో లేదో నాకు తెలియదు. మేం ఇద్దరం కాస్త వెనకబడ్డాక నా చెయ్యి పట్టుకున్నాడు. "పర్లేదని చెప్పమన్నది నేనే. అది చెప్పింది. చెప్పగానే నిజంగానే పర్లేదు కాబోలని నమ్మేసింది కూడా నేనేనే" అన్నాడు. "ఊరందర్నీ అనుమానించాను. నేను చెప్పించిన మాటని మాత్రం అనుమానించలేకపోయాను."

నేను ఓదార్చలేదు. ఓదార్చే మాట నా దగ్గర ఉంటే నాలుగేళ్ల కిందే చెప్పి ఉండేదాన్ని.

ఐదు కావస్తుండగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లాడు. మిగిలిన ఏడు రోజులూ ఇక్కడే ఉంటామన్నాడు. డెస్కావిడ ఒక ఫారం ఇచ్చింది. ఆయన దాన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాడు, సన్నక్షరాలు కూడా వదలకుండా. అడుగున మీ ప్రత్యేక సూచనలు అని నాలుగు గీతలున్నాయి. కిటికీ పక్కన పడక, మెత్తటి దిండు, అలాంటివి రాయడానికట. బాబాయి పెన్ను అడిగి తీసుకుని, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాసే గుండ్రటి దస్తూరీతో రాశాడు:

"ఆమెను నొప్పి గురించి అడిగేటప్పుడు నన్ను గదిలో ఉండనివ్వకండి. ఉందంటే నన్ను అడగకుండా తీసుకెళ్లండి."

కింద సంతకం పెట్టి తేదీ వేశాడు. డెస్కావిడ అది చదివి మడిచి సొరుగులో పెట్టుకుంది. ఐదింటికి చుక్కల సీసా తీసుకుని మా గదిలోకి వెళ్లింది. బాబాయి నడవాలోనే ఆగిపోయి, తలుపు తనే దగ్గరికి వేశాడు.